మన రొయ్య తినే ఊళ్లో మనం తినేది పచ్చడి మెతుకులేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, ఉద్యోగం పని మీద అమెరికా వెళ్లేవారికి భోజనం విషయమై ఇచ్చిన సూచనలు చదివాను. కందిపొడి, పులిహోర పేస్టు, చిన్న కరెంటు కుక్కరు పెట్టెలో సర్దుకోవాలనీ, తెలియని ఊళ్లో తెలియని తిండి జోలికి పోకూడదనీ, పని ముగిశాక గదికి చేరి తలుపు వేసుకుంటే ఆరోగ్యమూ డబ్బూ రెండూ మిగులుతాయనీ ఆ వ్యాసం సారాంశం. మనవలను చూడటానికి ఆరు నెలలు వెళ్లే పెద్దవాళ్లకు ఈ మాటలు కొంతవరకు పనికొస్తాయి. కాని మా నెల్లూరు జిల్లా నుంచి పని మీద అమెరికా వెళ్లేవారిలో రొయ్యల వ్యాపారానికి చెందినవాళ్లు తక్కువేమీ కాదు. మనం పెంచి, వలిచి, గడ్డకట్టించి పంపిన సరుకును కొనుక్కుని తినే దేశానికి వెళ్లి, అక్కడ ఎవరు దాన్ని ఎలా తింటున్నారో చూడకుండా గదిలో కందిపొడి కలుపుకుని తిరిగి వచ్చేవారు తమ పనిలో సగం వదిలేసి వస్తున్నారని నా అభిప్రాయం. ఒకసారి అలా వదిలేసి వచ్చినదాన్ని కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇందుకూరుపేట మండలంలో ఉంటాను. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ప్రయోగశాలలో, సరుకులో యాంటీబయోటిక్ అవశేషాలు, హానికరమైన సూక్ష్మజీవులు ఉన్నాయేమో పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. నాణ్యత గురించి కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి యాజమాన్యం నన్ను రెండుసార్లు బోస్టన్ నగరానికి పంపింది. ఏటా మార్చిలో అక్కడ మూడు రోజులపాటు జరిగే మత్స్య ఉత్పత్తుల ప్రదర్శన ఉత్తర అమెరికా అంతటిలోనూ పెద్దది. 2009లో వనామీ అనే రొయ్య రకం మన దేశానికి వచ్చిన తర్వాత మన గుంటల సరుకులో పెద్ద వాటా అమెరికాకే పోతూ వచ్చింది. 2023-24 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద అక్కడికి వెళ్లిన ఫ్రోజెన్ రొయ్యలు దాదాపు 3 లక్షల టన్నులు. కనుక ఆ ప్రదర్శనశాలలో ఏ వరుసలో నడిచినా నెల్లూరు, ఒంగోలు, భీమవరం యాస చెవిన పడటంలో వింత లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు మేము ఐదుగురం. పగలంతా ప్రదర్శనశాలలో నిలబడటం, సాయంత్రం వ్యాను ఎక్కి ముప్పావు గంట ప్రయాణం చేసి శివారులోని ఒక భారతీయ భోజనశాలలో నాన్, పన్నీరు కూర తినడం, తిరిగి గదికి చేరడం, ఇంతే మా దినచర్య. చేపల పులుసు ఊరి నుంచి సముద్రపు తిండికి పేరుపడిన మరో ఊరికి పోయి, మూడు రాత్రులు పన్నీరు తిని వచ్చామంటే మా అమ్మ చాలా రోజులు నమ్మలేదు. ఒక రాత్రి మాలో ఒకరు మీ వ్యాసం చెప్పినట్టే తెచ్చుకున్న కుక్కరులో అన్నం వండి, చారుకు తాలింపు పెట్టారు. ఎండుమిరపకాయల పొగకు అలారం మోగి, అంతస్తులన్నీ ఖాళీ అయి, బస చేసినవాళ్లందరూ చంటిపిల్లలతో సహా రాత్రి పదిన్నరకు ఎముకలు కొరికే చలిలో రోడ్డు మీద నిలబడ్డారు. అగ్నిమాపక వాహనం వచ్చి, వెతికి, చారు గిన్నెను చూసి వెళ్లిపోయింది. తప్పు పూర్తిగా మాదే. కుక్కరు సర్దుకొమ్మని సలహా ఇచ్చేవారు ఈ సంగతి కూడా ఒక వాక్యంలో హెచ్చరించడం న్యాయం. తీసుకెళ్లే తినుబండారాల సంగతి విమానాశ్రయంలో అధికారులు అడగకముందే చెప్పాలన్న నిబంధన కూడా అందులో కనిపించలేదు.

అయితే నన్ను బాధపెట్టింది ఈ రభస కాదు. తిరిగి వచ్చిన వారానికి ప్లాంటులో రొయ్యలు వలిచే ఆడవాళ్లు చుట్టూ చేరి ఒక ప్రశ్న అడిగారు. "పైనంతా వలిచేసి తోక మాత్రం ఎందుకు ఉంచమంటారు మేడమ్? తోక విరిగితే ఆ రొయ్యను ఎందుకు పక్కన పడేస్తారు? తోకను ఎవరన్నా తింటారా?" అని. చలి గదిలో, చేతికి తొడుగులు వేసుకుని, తోక చెదరకుండా నరం తీయడానికి వాళ్లు పడే అవస్థ నాకు తెలుసు. విరిగిన సరుకుకు ధర తగ్గుతుందనీ తెలుసు. కొనేవాళ్లు అలా అడుగుతారు అని తప్ప నా దగ్గర జవాబు లేదు. అంత దూరం పోయి, ప్రదర్శనశాలలో పుల్లకు గుచ్చి ఇచ్చే నమూనా ముక్కలు తప్ప నేను ఏమీ చూడలేదు మరి.

2025 మార్చిలో రెండోసారి వెళ్లినప్పుడు సాయంత్రాలు వ్యాను ఎక్కకూడదని నిర్ణయించుకున్నాను. ఆ ఊరు కాలినడకకు ఎంత అనువైనదో అప్పుడు తెలిసింది. లోగన్ విమానాశ్రయంలో సిల్వర్ లైన్ అనే బస్సు ఎక్కితే టికెట్టు కొననక్కర లేదు. ప్రదర్శన జరిగే సీపోర్ట్ ప్రాంతం మీదుగా అది సౌత్ స్టేషన్‌కు చేరుస్తుంది. మొదటిసారి ఇదే దూరానికి మేము రెండు టాక్సీలకు డబ్బు పోశాం. అక్కడి నుంచి నగరమంతా భూగర్భ రైళ్లున్నాయి. అమెరికాలో మొట్టమొదటి భూగర్భ రైలు 1897లో నడిచింది ఈ ఊళ్లోనేనట. ఆ పెట్టెల కుదుపు చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. ఎంత దూరమైనా టికెట్టు 2 డాలర్ల 40 సెంట్లు, మన బ్యాంకు కార్డును గేటు దగ్గర తాకిస్తే చాలు.

ప్రదర్శన మొదలైన మార్చి 16 ఆదివారం నాడే దక్షిణ బోస్టన్‌లో ఐరిష్ వారి సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపు. ఉదయం నుంచే రైళ్లనిండా ఆకుపచ్చ టోపీలు, ఆకుపచ్చ మీసాలు. మధ్యాహ్నానికి తాగినవాళ్లు ఎక్కువయ్యారని విని అటువైపు పోలేదు. కొత్త ఊరిని చూడమంటే అన్ని వేళలా అన్ని సందుల్లోనూ తిరగమని నా అర్థం కాదు. వెళ్లే ముందు బస చేసిన చోట రిసెప్షన్‌లో ఏ వీధిలో ఎప్పటివరకు జనసంచారం ఉంటుందో అడిగేదాన్ని; తొమ్మిదిలోపు తిరిగి వచ్చేదాన్ని. అదీగాక అక్కడ వంటగదులు చాలాచోట్ల తొమ్మిది, తొమ్మిదిన్నరకే మూసేస్తారు. మన అలవాటు ప్రకారం నింపాదిగా బయలుదేరితే పస్తే.

ఒంటరి ఆడది భోజనశాలకు పోతే ఎలా చూస్తారో అని మొదట జంకాను. మన ట్రంకు రోడ్డులోని మెస్సుకు ఒక్కతెనే పోవడానికి ఈనాటికీ వెనకాడేదాన్ని. కాని అక్కడ కౌంటరు వెంబడి ఎత్తు కుర్చీలు ఒంటరిగా వచ్చేవారి కోసమే ఉన్నట్టుగా ఉంటాయి. బల్ల కోసం గంటసేపు ఎదురుచూడాల్సిన చోట కూడా ఒక్కరికైతే అక్కడ వెంటనే చోటు దొరుకుతుంది, పైగా వడ్డించే మనిషి ఎదురుగానే ఉంటాడు కనుక తిండి గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. అసలు లాభం అదే. ప్రదర్శనశాలలో కొనుగోలుదారు ధర గురించి తప్ప నోరు విప్పడు. ఈ కౌంటరు వెనక మనిషి వద్దన్నా చెబుతాడు.

అలా ఓడరేవు ఒడ్డున ఒక చోట కూర్చుని రొయ్యల కాక్‌టెయిల్ అనే వంటకం తెప్పించుకున్నాను. ఉడికించి మంచులో చల్లార్చిన ఐదు పెద్ద రొయ్యలను ఒక గాజు పాత్ర అంచుకు తోకలు బయటికి ఉండేలా తగిలించి, నడుమ టమాటా సాసులో ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటైన వేరు తురుము కలిపి ఇచ్చారు. మన ఆవపిండికి దూరపు చుట్టం లాంటి ఘాటు. పక్క కుర్చీలోని పెద్దాయన రొయ్యను తోక పట్టుకుని ఎత్తి, సాసులో ముంచి, తోక వరకూ కొరికి, తోకను పళ్లెం అంచున పెట్టాడు. చెంచా లేదు, ఫోర్కు లేదు. తోకే పిడి. తోక విరిగిన రొయ్యను ఎందుకు పక్కన పెట్టమంటారో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. ప్రదర్శనలో పంచిపెట్టే ఏ కాగితంలోనూ ఈ సంగతి రాసి ఉండదు. ఐదు రొయ్యలకు ఇరవై డాలర్లు దాటిన ధర చూసి, మా ఊరి రైతుకు కిలోకు పడే ధరతో మనసులో లెక్క వేసుకోకుండా ఉండలేకపోయానని కూడా ఒప్పుకోవాలి.

కౌంటు సంగతి కూడా అంతే. మన గుంట గట్టు మీద కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అన్న లెక్క, అదీ తలతో సహా. అక్కడ పౌనుకు, అంటే అర కిలోకు కాస్త తక్కువకు, ఎన్ని అన్న లెక్క, తల తీశాక. మన 40 కౌంటు రొయ్య తల తీసి తూచితే అక్కడి 26/30, అంటే పౌనుకు 26 నుంచి 30 తూగే సంచిలోకి చేరుతుంది. ఈ లెక్క ఎన్నో ఏళ్లుగా కాగితం మీద వేస్తున్నాను. ఒక బజారు దుకాణంలో ఫ్రోజెన్ పెట్టె తెరిచి, 26/30 అని ఉన్న సంచిని చేత్తో పట్టుకుని, దాని వెనక భారతదేశపు ఉత్పత్తి, పెంపకపు రొయ్య అని అచ్చు వేసి ఉండటం చూసినప్పుడు కలిగిన భావం వేరు. అక్కడి చట్టం ప్రకారం పెద్ద దుకాణాలు చేపలు, రొయ్యలు ఏ దేశానివో, పెంచినవో సముద్రంలో పట్టినవో తెలపాలి. భోజనశాలలకు ఆ నిబంధన వర్తించదు. ఆ కాక్‌టెయిల్ రొయ్యలు ఎక్కడివని అడిగితే వడ్డించే అతను లోపలికి పోయి అట్టపెట్టె చూసి వచ్చి "ఇండియా" అన్నాడు. మాది ఆ రొయ్యల ఊరే అంటే, మీరు ఇంటి దగ్గర ఎలా వండుతారని అడిగాడు. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి ఇగురు పెట్టే పద్ధతి చెప్పాను. విన్నాడు. చలికి పనికొచ్చే కూర అన్నాడు.

ప్రయోగశాల మనిషిని కనుక నాకు మరింత నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. 1826 నుంచి నడుస్తున్న యూనియన్ ఆయిస్టర్ హౌస్ అనే భోజనశాల ఆ దేశంలో ఎడతెగకుండా నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది. అక్కడ అర్ధచంద్రాకారపు బల్ల వెనక నిలబడి పచ్చి ఆల్చిప్పలను కత్తితో తెరిచి ఇస్తారు. పచ్చివి తినే ధైర్యం నాకు లేదు. వాటిలో ఏముండవచ్చునో చూడటమే నా ఉద్యోగం కదా. కాని ఆల్చిప్పల బస్తాకు ఏ నీళ్లలో, ఏ రోజు పట్టారో తెలిపే చీటీ ఉంటుందనీ, ఆ బస్తా అయిపోయాక 90 రోజుల వరకు ఆ చీటీని భోజనశాల దాచి ఉంచాలనీ చదివి ఉన్నాను. ఒకసారి చూపించగలరా అని అడిగితే, తెరిచే ఆయన నవ్వుతూ ఒక తడిసిన చీటీ చూపించాడు. మా ప్లాంటులో గుంట నంబరు, పట్టుబడి తేదీ రాయమంటే చాదస్తమని విసుక్కునే కుర్రవాళ్లకు ఆ చీటీ ఫోటోను ఈనాటికీ చూపిస్తుంటాను.

అక్కడ అందరూ తినమని చెప్పే చౌడర్ అనే తెల్లని చిక్కటి పులుసు కూడా తిన్నాను. పులుసు అనడం మాటవరసకే. చింతపండు, కారం ఏదీ లేదు. ఒక రకం గుల్లల మాంసం, బంగాళదుంపలు పాల మీగడలో ఉడికించి, పైన చిన్న ఉప్పు బిస్కెట్లు చల్లుకోమని ఇస్తారు. మొదటి రెండు చెంచాలు చప్పగా తోచి, చలిగాలికి మూడో చెంచా నుంచి హాయిగా అనిపించింది. చాలాచోట్ల దీనిలోనూ, ఆ ఊరికి పేరు తెచ్చిన తీపి చిక్కుడుగింజల కూరలోనూ పంది మాంసం ముక్కలు వేస్తారు. పేరు చూస్తే అది బోధపడదు. మా బృందంలోని ఒక ముస్లిం సోదరుడు నేను ముందుగా అడగబట్టి తప్పించుకున్నారు. ఇలాంటివే మీ వ్యాసంలో ఉండాల్సిన సంగతులు. లాబ్‌స్టర్ పక్కన ధర బదులు ఆనాటి బజారు ధర అని రాసి ఉంటే తప్పకుండా అడిగి మరీ తెప్పించుకోవాలి. నేను అడగలేదు. ఆ అంకె ఇక్కడ రాయను.

బిల్లు విషయంలో మనవాళ్లకు పడే చిక్కు ముఖ్యంగా రెండు చోట్ల. వంటకాల పట్టికలో రాసిన ధరకు బోస్టన్‌లో 7 శాతం పన్ను కలుస్తుంది. ఆ పైన వడ్డించినవారికి 18 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడ మర్యాదలో భాగం, ఎందుకంటే వాళ్ల సంపాదనలో పెద్ద భాగం అదే. 40 డాలర్ల భోజనానికి పన్ను 2 డాలర్ల 80 సెంట్లు, 20 శాతం చొప్పున టిప్పు 8 డాలర్లు, వెరసి 50 డాలర్ల 80 సెంట్లు. ఈ లెక్క తెలియక, మంచినీళ్లు ఉచితంగా ఇచ్చారన్న సంతోషంతో టిప్పు ఎగ్గొట్టి వచ్చేవారిని చూశాను, సిగ్గుపడ్డాను. మరోవైపు మా కార్యాలయంలో జమాఖర్చులు చూసేవారు టిప్పును దానధర్మాల కింద లెక్కగట్టి నా బిల్లులో కొట్టేశారు. కార్డు చీటీ మీద నా చేత్తో రాసి సంతకం చేసిన అంకెను చూపించి, మూడు ఉత్తరాలు రాస్తే గాని ఆ డబ్బు రాలేదు. పంపే యాజమాన్యాలు ముందుగానే దీనిని భత్యంలో కలపడం మేలు.

రెండో రాత్రి సౌత్ స్టేషన్ పక్కనే ఉన్న చైనావారి పేటకు పోయాను. అద్దాల తొట్లలో చేపలు ఈదుతున్నాయి. ఏది కావాలో చూపిస్తే దాన్నే పట్టి వండుతారు. మన చేపల బజారులో బొమ్మిడాయిలు ఏరుకునేవారికి ఈ పద్ధతి వింత కాదు. అక్కడ ఉప్పు, మిరియాలు వేసి వేయించిన రొయ్యలు తలతోనే వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్లు తలను చీకి మరీ తింటున్నారు. ఇంటి దగ్గర మేము చేసేదీ అదే. అమెరికావాళ్లకు తల పనికిరాదని మా ప్లాంటులో అందరం అనుకునే మాట, సీపోర్ట్ నుంచి పది నిమిషాల దూరంలో అబద్ధమైపోయింది. ఆ దేశంలో తినేవాళ్లు ఒక్క రకం కాదు. తలతో ఉన్న సరుకును ఏ దేశం పంపుతోందని భోజనశాల యజమానురాలిని అడిగి రాసుకుని, మర్నాడు మా అమ్మకాల విభాగానికి చెప్పాను. వాళ్లు ఏం చేస్తారన్నది వేరే సంగతి.

శాకాహారులు కూడా ఇబ్బంది పడనక్కర లేదు. శుక్ర, శనివారాల్లో హేమార్కెట్ అనే చోట వీధి పక్కనే పళ్లూ కూరగాయలూ చవగ్గా అమ్ముతారు, చేతిలో నోట్లుంటే మంచిది. ఇటలీవారి నార్త్ ఎండ్ పేటలో పాల మీగడ కూరిన గొట్టపు మిఠాయి తిన్నాను. మన మలై కాజా తిన్న నోటికి అది ఓ మాదిరిగా తోచింది; నా పక్షపాతాన్ని మన్నించాలి.

ప్రదర్శన ముగిసిన మర్నాడు, తిరుగు విమానానికి వేళ ఉండగా, ఊరి నడుమ నేల మీద పరిచిన ఎర్ర ఇటుకల గీత వెంబడి నడిచాను. రెండున్నర మైళ్ల ఆ గీత పట్టుకుని పోతే ఆ దేశపు స్వాతంత్ర్య పోరాటానికి చెందిన పలు స్థలాలను ఎవరి సాయమూ లేకుండా చూడవచ్చు. 1773లో ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెలను సముద్రంలోకి విసిరేసిన ఊరు అది. ఆ కంపెనీ మనకూ పాత పరిచయమే. దారిలో ఆ రాష్ట్ర శాసనసభ ఉంది. ప్రవేశం ఉచితం. సభా మందిరంలో పైనుంచి దాదాపు ఐదడుగుల కొయ్య చేప వేలాడుతోంది. ఆ రాష్ట్రానికి తొలినాళ్లలో అన్నం పెట్టింది కాడ్ చేప అని గుర్తుగా 1784లో వేలాడదీశారట. మన శాసనసభలో వనామీ బొమ్మ పెట్టమంటే నవ్వుతారు గాని, ఆ చేప కింద నిలబడినప్పుడు ఆ ఆలోచన నాకు రాకపోలేదు.

2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా వైపు గుంటల గట్ల మీద వినిపించిన ప్రశ్న ఒక్కటే: వాళ్లు మన రొయ్య మానేస్తే మరేం తింటారు, మనం మరెవరికి అమ్మాలి? ఏటా బోస్టన్ పోయి వచ్చేవాళ్లలో దీనికి కొంతైనా సమాధానం చెప్పగలిగినవారు, సాయంత్రాలు వ్యాను ఎక్కనివారే.

ఊరికి వచ్చాక వలిచే ఆడవాళ్లకు తోక కథ చెప్పాను. ఒకామె వెంటనే, "అంత చల్లగా తింటే నీచు కొట్టదా మేడమ్?" అంది. నీచు రాకుండా ఇక్కడ మంచు, నీళ్లు ఎలా మార్చుతున్నామో వాళ్లకే తెలుసు కనుక, మిగిలినవాళ్లే ఆమెకు జవాబు చెప్పారు.

సంపాదకులకు నా మనవి చిన్నది. వచ్చే మార్చి ప్రదర్శనకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బయలుదేరేవారి కోసం, ఆ నగరంలో రైళ్లు, భోజనవేళలు, పన్నులు, టిప్పు, తినేముందు అడగవలసిన ప్రశ్నలు, రాత్రివేళ జాగ్రత్తలు వంటివి కలిపి ఫిబ్రవరిలోగా ఒక పేజీ ప్రచురించండి. నా దగ్గరున్న బిల్లులూ, రాసుకున్న కాగితాలూ పంపడానికి సిద్ధంగా ఉన్నాను. కుక్కరు మాత్రం ఆ పేజీలో చేర్చకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉద్యోగిని,
ఇందుకూరుపేట మండలం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.